సంక్రాంతి ముందు చచ్చిపోయాయని పారేసిన మొక్కలు మళ్ళీ లేచాయి

పాలకొల్లు_పెరడు | మార్చి 9

అందరికీ నమస్కారమండి. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. డిసెంబరులో పండక్కి ఇంటికి సున్నాలు వేయించాం. అరుగు మీదా మెట్ల మీదా ఉన్న కుండీలన్నీ తీయాల్సి వచ్చింది. వాటిలో పదకొండింటిలో పైకి ఏమీ కనిపించలేదు. కాలడియం ఆకులు (మా అత్తగారు రంగుల చేమ అంటారు) దీపావళి దాటగానే ఒక్కొక్కటే వాలిపోయి, కార్తీకం అయ్యేసరికి ఉత్త మట్టి మిగిలింది. పోయాయనుకుని దొడ్డి చివర కొబ్బరిచెట్ల కింద, కొబ్బరి డొక్కలు (పై పీచు తొక్కలు) పోసే చోట కుమ్మరించేశాం. పండగ వెళ్ళాక పూలు అయిపోయిన చామంతులు ఆరు, క్రిస్మస్‌కి మా అమ్మాయి కొన్న ఎర్రాకుల మొక్క కూడా అక్కడికే చేరాయి. ఆ తర్వాత అటు చూసినవాళ్ళు లేరు, చుక్క నీళ్ళు పోసినవాళ్ళు లేరు.

నిన్న పొయ్యిలోకి డొక్కలు తీద్దామని వెళ్ళి అలాగే నిలబడిపోయాను. డొక్కల సందుల్లోంచి కాలడియం మోసులు, ఇంకా విచ్చుకోని ఆకులతో, ఏడెనిమిది లేచి ఉన్నాయి. చామంతి మోడుల చుట్టూ పిలకలే పిలకలు. క్రిస్మస్ మొక్క పక్కకి ఒరిగిన కొమ్మకే చిగుళ్ళు వేసింది.

మూడు నెలలు నీళ్ళు లేకుండా ఎలా బతికాయి? ఇప్పుడు వాటిని కుండీల్లోకి మార్చవచ్చా, లేక అక్కడే వదిలేయాలా?

ఇంకో సంగతి ఉంది. నిజానికి అది అడగడానికే ఖాతా తెరిచాను. ఆ పదకొండు కుండీల్లో మా అమ్మ ఇచ్చిన మే పువ్వు ఒకటి. ఫుట్‌బాల్ లిల్లీ అంటారే, ఎర్రగా బంతిలా పూస్తుంది, అది. అమ్మ పోయి రెండేళ్ళయింది. ఆ కుండీ మట్టి కుప్పలో లేదు. అడిగితే, తాపీ పనికి వచ్చిన కుర్రాళ్ళు నాలుగు కుండీల మట్టి కాలవ గట్టు మీద పోశామన్నారు. అది కూడా బతికి ఉంటుందా?

కడియం_మొక్కలవాడు | మార్చి 9

అమ్మా, కంగారు పడకండి. ఫుట్‌బాల్ లిల్లీ దుంప చాలా గట్టిది. దానికి ఇది నిద్రపోయే కాలమే. పశువులు తొక్కి నలిపేసినా, ఎవరైనా తవ్వేసినా తప్ప ఈపాటికి మట్టిలో హాయిగా ఉండి ఉంటుంది. కానీ ఇప్పుడు వెళ్ళి గునపంతో వెతకకండి. దుంప ఎక్కడుందో తెలియకుండా తవ్వితే దుంపకే దెబ్బ తగులుతుంది.

మాది కడియపులంక. మా నాన్న నర్సరీలో పనిచేశాడు, నేనూ అదే. చలికాలంలో కుండీలు ఖాళీ అయ్యాయని జనం పారేసే మొక్కల్లో సగం చచ్చినవి కావు. ఇది నేను ప్రతి ఏడూ చూస్తున్నాను. మా షెడ్డు వెనక వేస్టు కుప్పలోంచి ఫాల్గుణంలో ఏరుకున్న కాలడియం దుంపలతోనే నా సొంత మడి మొదలైంది.

అమలాపురం_మాస్టారు | మార్చి 10

నేను వృక్షశాస్త్రం చెప్పి రిటైర్ అయ్యాను. పాలకొల్లు అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్నకి నాకు తెలిసినంత చెబుతాను.

మన డెల్టాలో చలి అంటే మంచు గడ్డ కట్టే చలి కాదు. పుష్యంలో కూడా తెల్లవారుజామున 17, 18 డిగ్రీల కంటే కిందికి దిగడం అరుదు. కాబట్టి మన దగ్గర మొక్క ఆకు రాల్చడానికి కారణం చలి ఒక్కటే కాదు. పగలు తగ్గుతుంది. మనం ఉన్న అక్షాంశంలో డిసెంబరులో పగలు సుమారు 11 గంటలు, జూన్‌లో 13. మనకి రెండు గంటల తేడా, మొక్కకి అది పెద్ద కబురు. దాంతో పాటు ఈశాన్య రుతుపవనం వెనక్కి తగ్గాక గాలీ నేలా పొడిబారతాయి. కాలడియం పుట్టిల్లు దక్షిణ అమెరికాలో వేడి ప్రాంతం. అక్కడ వానకాలం, ఎండుకాలం విడివిడిగా ఉంటాయి. ఎండుకాలం వస్తోందని తెలియగానే ఆకుల్లోని సత్తువంతా దుంపలోకి లాక్కుని, ఆకుల్ని వదిలేసి పడుకోవడం దాని అలవాటు. ఆ అలవాటు మన అరుగు మీద కుండీలో కూడా పోదు.

దుంపలో పిండి ఉంటుంది. నిద్రలో ఆ పిండి ఖర్చు చాలా తక్కువ. ఆకు లేదు కాబట్టి నీళ్ళు ఆవిరయ్యే దారీ లేదు. అందుకే మూడు నెలలు నీళ్ళు లేకపోవడం దానికి కష్టం కాదు. అసలు కుండీలోనే ఉంచి ఉంటే మీరు జాలిపడి రోజూ చెంబుడు నీళ్ళు పోసేవారు, నిద్రలో ఉన్న దుంప కుళ్ళిపోయేది. పారేయడమే దాన్ని బతికించింది.

చామంతిది వేరే లెక్క. అది నిద్ర కాదు. పూసిన కాడ అక్కడితో అయిపోతుంది, మొదట్లోంచి కొత్త పిలకలు వస్తాయి. అరటి గెల కొట్టాక పిలక లేచినట్టే.

భీమవరం_మేడతోట | మార్చి 10

మాస్టారూ, ఇది చదివాక నాకు టెన్షన్ పట్టుకుంది. మాది భీమవరంలో అపార్ట్‌మెంటు, మేడ మీద తోట. జనవరిలో మూడు ఎడారి గులాబీ మొక్కలు (అడీనియం) ఆకులన్నీ రాల్చేశాయి. ఎండిపోతున్నాయేమోనని రోజుకి రెండు పూటలా నీళ్ళు పోశాను. రెండు మెత్తబడి వాలిపోతే చెత్త బండిలో వేసేశాను. మూడోది ఇంకా ఉంది, ఒక్క ఆకు లేదు. అది పడుకుందా, పోయిందా ఎలా తెలుసుకోవాలి?

కడియం_మొక్కలవాడు | మార్చి 10

అక్కా, మూడోదానికి ముందు నీళ్ళు ఆపేయండి. తర్వాత ఇలా చూడండి.

మొదలు దగ్గర ఉబ్బెత్తుగా ఉండే భాగాన్ని బొటనవేలితో నొక్కండి. పచ్చి బంగాళాదుంపలా గట్టిగా ఉంటే బతికున్నట్టే. కొంచెం ముడతలు పడి గట్టిగా ఉంటే దాహంగా ఉంది, అంతే. వేలు లోపలికి దిగితే కుళ్ళు పట్టింది. అప్పుడైనా వదిలేయకండి. పదునైన చాకుతో మెత్తటి భాగాన్ని తెల్లటి గట్టి కండ కనిపించేదాకా కోసేసి, కోసినచోట పసుపు అద్ది, నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టండి. ఆ తర్వాత ఇసుక ఎక్కువ వేసిన మట్టిలో పెట్టండి.

కొమ్మ ఉన్న మొక్క ఏదైనా సరే, చివర నుంచి గోటితో బెరడు చిన్నగా గీకుతూ కిందికి రావాలి. పైన గోధుమ రంగులో ఉండి కింద పచ్చగా కనిపిస్తే ఆ పచ్చ దగ్గరికి కత్తిరించండి. మొదలు దాకా పచ్చ కనపడకపోయినా మందార, కాగితం పువ్వు లాంటివాటికి ఇంకో నెల టైమివ్వాలి. ఒక్కోసారి వేరు దగ్గర నుంచి లేస్తాయి.

దుంప అయితే చేతిలో బరువు చూడాలి. బతికున్న దుంప బరువుగా ఉంటుంది. చచ్చింది పొట్టులా తేలిపోతుంది, లేదా నలిపితే నీళ్ళు కారి వాసన కొడుతుంది. మా నాన్న అయితే ముక్కు దగ్గర పెట్టుకుని చెప్పేసేవాడు, నొక్కాల్సిన పని కూడా ఉండేది కాదు. మంచి దుంపకి పచ్చి మట్టి వాసన, అంతే.

భీమవరం_మేడతోట | మార్చి 10

నొక్కి చూశాను. గట్టిగా ఉంది! గీకితే పచ్చగా ఉంది! తమ్ముడూ, చాలా థాంక్స్. మిగతా రెండింటి గురించి తలచుకుంటే బాధగా ఉంది. వాటిని అమ్మినవాళ్ళు చలికాలంలో నీళ్ళు తగ్గించాలని ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది.

లంకలో_ఇల్లు | మార్చి 11

మాది కోనసీమ లంక గ్రామం. మాకు చలికాలం కంటే వరద పెద్ద పరీక్ష.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిందే, ఆ వరదలో మా ఇంటి చుట్టూ నడుము లోతు నీళ్ళు ఆరు రోజులు నిలబడ్డాయి. తీశాక చూస్తే ప్రతిదాని మీదా జానెడు ఒండ్రు. పూల మొక్కలన్నీ కుళ్ళి వాసన కొడుతుంటే పీకి గట్టు పక్కన గోతిలో పడేశాం. అదే ఏడు కార్తీకంలో ఆ గోతిలో మెట్టతామర గుబురుగా లేచింది. ధనుర్మాసంలో ముగ్గులో పెట్టడానికి పూలు అక్కడి నుంచే తెచ్చుకున్నాం. నేలసంపెంగ మాత్రం ఒక్కటీ రాలేదు. అన్ని దుంపలూ ఒక్కలాంటివి కావని అప్పుడు తెలిసింది. మెట్టతామర నీళ్ళ పక్కన పెరిగే జాతి, తడికి తట్టుకుంది. నేలసంపెంగ గడ్డ నీళ్ళలో నానితే పోతుంది.

కంద వేసేవాళ్ళకి ఈ నిద్ర సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కాడ పసుపు తిరిగి పడిపోయిందంటే దుంప తయారైందని అర్థం. తవ్వి తీశాక రెండు మూడు నెలలు దాన్ని ఎంత తడిపినా మొలకెత్తదు. టైము వచ్చాక అటక మీద పెట్టినా ముచ్చె దగ్గర మోసు వేస్తుంది. కొవ్వూరు పరిశోధన స్థానం వాళ్ళు ఇచ్చిన గజేంద్ర రకం మా ఊళ్ళో అందరూ వేస్తారు. కంద పడిపోయిందని ఎవరమైనా ఏడుస్తామా? పూల కుండీలో అదే జరిగితే మాత్రం పారేస్తాం.

అమలాపురం_మాస్టారు | మార్చి 11

ఈ కంద పోలిక నా క్లాసులో ఎందుకు వాడుకోలేదా అనిపించింది. కాలడియం, చేమ, కంద ఒకే కుటుంబం. ముగ్గురికీ దురద కూడా ఒకటే, సన్నని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. కాబట్టి అమ్మా, కుప్పలోంచి దుంపలు ఏరేటప్పుడు చేతికి ప్లాస్టిక్ కవరైనా తొడుక్కోండి.

ఒహాయో_కోనసీమ_అమ్మాయి | మార్చి 12

అక్కా, మాది ముమ్మిడివరం వైపు. ఇప్పుడు అమెరికాలో ఒహాయోలో ఉంటున్నాను. ఇక్కడ చలి మైనస్ పదిహేను, ఇరవై డిగ్రీల దాకా పోతుంది. ఇక్కడ కూడా మీకు జరిగినట్టే జరిగింది, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ అక్టోబరులో ప్రతి ఇంటి గుమ్మం ముందూ చామంతి కుండీలు పెడతారు. నవంబరులో మంచు పడగానే చెత్తలో వేస్తారు. నేను రెండు కుండీలు షెడ్డు వెనక కంపోస్టు కుప్ప అంచున బోర్లించాను. జనవరి అంతా మూరెడు మంచు వాటి మీదే ఉంది. ఏప్రిల్ చివర చూస్తే పచ్చటి పిలకలు. మంచు దుప్పటి పనిచేస్తుందట: పైన గాలి ఎంత చల్లగా ఉన్నా మంచు కప్పిన నేల అంత లోతుగా గడ్డకట్టదు. వరండాలో కుండీలోనే ఉంచినవి మాత్రం చచ్చిపోయాయి, కుండీకి అన్ని పక్కల నుంచీ చలి తగులుతుంది కదా.

డాలియా దుంప అయితే నేలలో గడ్డకడితే పోతుంది. మొదటి మంచుకి ఆకులు నల్లబడగానే తవ్వి, రంపపు పొట్టులో పెట్టి గ్యారేజీలో దాచుకుంటాను. కానీ నిరుడు పొరపాటున కుప్పలోకి పోయిన ఒక డాలియా గుత్తి మేలో మొలిచింది. కుప్పలో వేడి దాన్ని కాపాడింది. అమ్మకి ఫోన్ చేసి చెబితే, పుట్టింటి నేల గుర్తొచ్చి ఉంటుందే అంది.

కడియం_మొక్కలవాడు | మార్చి 12

చెల్లీ, మీరు కుప్ప వేడి అన్నారు కాబట్టి ఒక మాట. కుప్పలో ఎక్కడ పడిందనేదే అసలు సంగతి. పచ్చి చెత్త, పేడ కలిసిన పెద్ద కుప్ప నడిమధ్య 50, 60 డిగ్రీలు కాగుతుంది. అక్కడ పడ్డ దుంప ఉడికిపోతుంది. అంచున, పై పొరలో పడ్డవే బతుకుతాయి. పాలకొల్లు అమ్మగారిది డొక్కల కుప్ప, అంత కాగదు. డొక్కకి తడి పట్టే గుణం ఉంది, మేం నర్సరీలో కొబ్బరి పొట్టు వాడేది అందుకే. పైన పొడి, కింద చెమ్మ. ఆ మొక్కలకి మనం కావాలని ఏర్పాటు చేసినా ఇంత బాగా కుదరదు.

డాలియాకి ఇంకో చిట్కా: దుంప ఒక్కటే విరిచి పెడితే మొలవదు. పాత కాడ మొదలు, అంటే దుంప మెడ దగ్గర కన్ను ఉంటేనే మొలుస్తుంది. గుత్తిగానే ఉంచండి.

కాలవగట్టు | మార్చి 13

నాకు కొంచెం కోపంగానే ఉంది, ముందే చెబుతున్నాను. పాలకొల్లు గారిని అనడం లేదు, ఆవిడకి తెలియకుండా జరిగింది. కానీ ఇక్కడ అందరూ పారేసిన మొక్క బతికిందని సంతోషపడుతున్నారు. అది ఎక్కడ బతికిందో ఎవరూ అడగట్లేదు.

మాది పంట కాలవ మీద ఆధారపడిన రెండెకరాల వరి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ కాలవలే మాకు అన్నం పెడుతున్నాయి. ఇవాళ వాటిలో నీళ్ళ కంటే ముందు కనిపించేది గుర్రపుడెక్క. అది మన మొక్క కాదు. దక్షిణ అమెరికాది. పువ్వు ఊదా రంగులో అందంగా ఉందని 19వ శతాబ్దం చివర్లో మన దేశానికి తోటల కోసమే తెచ్చారు. ఎవరో ఒకరు ఎక్కువైందని చెరువులోకి విసిరి ఉంటారు, అది చచ్చిపోతుందనే అనుకుని ఉంటారు. నీళ్ళు బాగుంటే రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది. గింజ బురదలో ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది. శివారు చేలకి నీరందక పడే బాధ, తూముల దగ్గర అడ్డుపడే పెళ్ళల్ని లాగలేక కూలీలు పడే బాధ నేను చూస్తున్నాను.

పారేసిన మొక్క బతకడం అన్నిసార్లూ మంచి వార్త కాదండి.

లంకలో_ఇల్లు | మార్చి 13

అన్నయ్యా, మీరు చెప్పింది నిజం. మా గోతిలో లేచిన మెట్టతామర కూడా మరుసటి ఏడు మురుగు కాలవలోకి దిగబోతే తవ్వేశాను.

కడియం_మొక్కలవాడు | మార్చి 13

మా వృత్తివాళ్ళం ఈ మాట ఇంకా ముందు ఒప్పుకోవాలి. నర్సరీల్లో మిగిలిన నీటి మొక్కలు, పాకే మొక్కలు కాలవ పక్కన పోయడం నేను చూశాను, చిన్నప్పుడు నేను కూడా పోశాను. ఇప్పుడు మా మడి దగ్గర పద్ధతి మార్చుకున్నాం. నీటి మొక్క ఏదైనా ఎండలో సిమెంటు చప్టా మీద పరిచి కరకరలాడేదాకా ఎండనిచ్చి ఆ తర్వాతే కుప్పలో వేస్తాం. పసుపు పూలతో నేలంతా పాకే వెడేలియా అయితే ఒక్క కణుపు మిగిలినా మళ్ళీ అల్లుకుంటుంది, దాన్ని కూడా అంతే. రణపాల ఆకు పారేసినా ఆకు అంచుల నుంచి పిల్లలు వేస్తుంది.

దొడ్లో కుప్ప మీద లేచింది మన కళ్ళ ముందుంటుంది. కాలవలో పడింది ఎవరి చేతిలోనూ ఉండదు.

పాలకొల్లు_పెరడు | మార్చి 14

కాలవగట్టు గారూ, మీ కోపం న్యాయమైనది. మా మామగారు కూడా గుర్రపుడెక్క తీయడానికి ఊళ్ళో అందరితో కలిసి దిగేవారు. కాలవ గట్టు మీద పోసిన మట్టి ఎక్కడుందో రేపు ఆ కుర్రాళ్ళని వెంట తీసుకెళ్ళి చూస్తాను. ఫుట్‌బాల్ లిల్లీ కాలవలో పాకుతుందా?

అమలాపురం_మాస్టారు | మార్చి 14

పాకదు. నీటి మొక్క కాదు, గడ్డ పక్కన పిల్లగడ్డలు వేసుకుంటూ నెమ్మదిగా పెరుగుతుంది. కానీ దాని గడ్డలో విషం ఉంది. ఆఫ్రికా దాని స్వస్థలం, అక్కడ బాణాలకి పూసేవారు. గట్టు మీద మేకలు తిరుగుతాయి, పిల్లలు ఆడతారు. కాబట్టి దొరికితే ఇంటికి తెచ్చేసుకోవడమే మంచిది.

పాలకొల్లు_పెరడు | మార్చి 16

చోటు చూపించారు. వంతెనకి పది అడుగుల దూరంలో, గట్టు దిగువన. మట్టి అంతా గడ్డి కింద కలిసిపోయింది. పైన ఏమీ లేదు. నాలుగు మూలలా నాలుగు కర్రలు పాతి వచ్చాను.

కుప్ప మీద కాలడియంలు మాత్రం ఆకులు విప్పాయి. మూడు తెల్లవి, రెండు ఎర్ర ఈనెలవి. మిగతావి ఇంకా తెలియదు.

కాలవగట్టు | మార్చి 16

అమ్మా, ఒక్క హెచ్చరిక. ఏప్రిల్‌లో కాలవలు కట్టేశాక, అంటే నీళ్ళు ఆపేశాక, పూడిక తీస్తారు. పొక్లెయిన్ దిగితే తీసిన మట్టి గట్టు మీదే పోస్తుంది. మీ కర్రల మీద అయిదడుగుల మట్టి పడితే ఇంక ఆ గడ్డ పైకి రాలేదు. కాలవ కట్టేలోపే తీసుకోండి. మే దాకా ఆగితే కష్టం.

కడియం_మొక్కలవాడు | మార్చి 17

అయితే నేను ముందు చెప్పింది మార్చుకోవాలి. గునపం వద్దు. చేత్తో, బొరిగెతో పై పొర తీయండి. కుండీ మట్టిని గుర్తుపట్టడం తేలికే: మేం ఎర్రమట్టి, గత్తం కలిపి కుండీలు నింపుతాం, మీ కాలవ గట్టు నల్ల ఒండ్రు. ఎర్ర రంగు కనిపించిన దగ్గర ఆగి, అక్కడ నుంచి వేళ్ళతో వెతకండి. గడ్డ చిన్న ఉల్లిపాయంత ఉంటుంది, మెడ మీద గోధుమ రంగు మచ్చలు. పొద్దున్నే వెళ్ళండి, నేల మెత్తగా ఉంటుంది.

నర్సాపురం_సముద్రగాలి | మార్చి 17

మధ్యలో అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దు. పాలకొల్లు గారి క్రిస్మస్ మొక్క లాంటిదే మాకూ ఉంది. మూడేళ్ళ కిందట పండగ అయ్యాక పారేస్తే గోడ పక్కన వేరూనింది. ఇప్పుడు నా ఎత్తు ఉంది. కానీ ఒక్క ఏడూ ఎర్రబడలేదు. పచ్చగానే ఉంటోంది. సముద్రం దగ్గర, నేల కొంచెం చౌడు. అదేనా కారణం?

అమలాపురం_మాస్టారు | మార్చి 17

చౌడు కాదు. ఆ గోడ పక్కన వీధి దీపం ఉందా?

నర్సాపురం_సముద్రగాలి | మార్చి 17

ఉంది మాస్టారూ! సరిగ్గా దాని నెత్తి మీదే.

అమలాపురం_మాస్టారు | మార్చి 18

దీపమే కారణం. మనం క్రిస్మస్ మొక్క అనే పాయిన్‌సెటియా మెక్సికో మొక్క. దానికి రోజూ రాత్రి 12 గంటలకు మించి, మధ్యలో తెగని చీకటి కావాలి, అదీ రెండు నెలల పాటు. మన దగ్గర అక్టోబరు నుంచి రాత్రులు అంత పొడుగు సహజంగానే ఉంటాయి. మధ్యలో కాసేపు వెలుతురు పడినా మొక్క దాన్ని వేసవి అనుకుంటుంది. మనం ఎర్ర పువ్వు అనేది నిజానికి ఆకు. అసలు పువ్వులు మధ్యలో పసుపుగా, చిన్న బొడిపెల్లా ఉంటాయి. చామంతికీ ఇదే స్వభావం, దీపం కింద ఉన్న మడి ఆలస్యంగా పూస్తుంది.

జూన్, జులైలో వానలు పడ్డాక జానెడు కొమ్మ ఒకటి కత్తిరించి, పాలు కారడం ఆగాక దీపం పడని వైపు పాతండి. ఆ పాలు చేతికి తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి. పాత చెట్టు అక్కడే ఉండనివ్వండి, నీడైనా ఇస్తుంది.

భీమవరం_మేడతోట | మార్చి 19

పాలకొల్లు అక్కా, కాలవ దగ్గరికి వెళ్ళారా? పొద్దున్న నుంచి మూడుసార్లు చూశాను ఇక్కడ.

పాలకొల్లు_పెరడు | మార్చి 22

ఆలస్యమైంది, క్షమించండి. ఇంట్లో జ్వరాలు. నిన్న పొద్దున్నే వెళ్ళాను. మా ఆడపడుచు, తాపీ కుర్రాళ్ళలో ఒకడు కూడా వచ్చారు. ఆ అబ్బాయి తన తప్పే అన్నట్టు నాకంటే ముందు గడ్డి పీకడం మొదలుపెట్టాడు. తప్పు వాడిది కాదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

అడుగు లోతులో ఎర్రమట్టి కనిపించింది. గంటన్నర వెతికాం. అమ్మ ఇచ్చినప్పుడు మూడు గడ్డలు ఉండేవి, కుండీలో ఏడెనిమిది అయి ఉండాలి. నాలుగు దొరికాయి. ఒకటి పొట్టులా తేలిపోయింది. ఒకదాన్ని ఏదో పురుగు తొలిచింది. రెండు గట్టిగా, బరువుగా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. పచ్చి మట్టి వాసన.

కడియం_మొక్కలవాడు | మార్చి 22

రెండు చాలమ్మా. ఇప్పుడు తొందరపడి ఎరువు వేయకండి, వేరు లేని గడ్డకి ఎరువు మంటే. పురుగు తొలిచిన దాని పక్కన ఉన్నాయి కాబట్టి వేపనూనె కలిపిన నీళ్ళలో (లీటరుకి అయిదు మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బు నీళ్ళు) పావుగంట ముంచి ఆరబెట్టండి. గడ్డ మెడ మట్టిపైకి కనిపించేలా పెట్టండి. మొదటిసారి తడిపి, మోసు కనిపించేదాకా పది రోజులకోసారి చాలు. రోహిణి కార్తె దాకా ఓపిక పట్టండి.

కుప్ప మీద చామంతి పిలకలు కూడా ఇప్పుడే మడిలోకి మార్చేయండి, మధ్యాహ్నం నీడ పడే చోట. చామంతికి చలి కాదు, మన ఎండాకాలమే గండం. జూన్, జులైలో వాటి కొసలు వేలెడు పొడవు కత్తిరించి నాటితే సంక్రాంతి గొబ్బెమ్మలకి పూలు మీ ఇంట్లోవే.

ఒహాయో_కోనసీమ_అమ్మాయి | మార్చి 22

అక్కా, చదువుతుంటే కళ్ళు తడిసిపోయాయి. ఆ అబ్బాయికి ఒక కాలడియం ఇవ్వండి.

పాలకొల్లు_పెరడు | ఏప్రిల్ 19

ఇచ్చానమ్మా, తెల్లది. వాళ్ళమ్మ గుమ్మం పక్కన పెట్టుకుందట.

కాలవ కట్టేశారు. మొన్న పొక్లెయిన్ వచ్చింది. మా వంతెన దగ్గర గట్టంతా ఇప్పుడు కొత్త మట్టే. కాలవగట్టు గారూ, మీరు చెప్పకపోతే ఆ రెండూ దాని కింద ఉండేవి.

కుప్పలోంచి మొత్తం తొమ్మిది కాలడియంలు కుండీల్లోకి చేరాయి. చామంతి పిలకలు ఇరవై పైనే పెట్టాను, పద్నాలుగు నిలబడ్డాయి. క్రిస్మస్ మొక్కని దీపం లేని వైపు గోడ దగ్గర నాటాను. ఫుట్‌బాల్ లిల్లీ కుండీలో ఏమీ లేదు, ఉత్త మట్టి. రోజూ చూస్తున్నాను, నీళ్ళు పోయకుండా.

భీమవరం_మేడతోట | ఏప్రిల్ 20

నా అడీనియం పూసింది అక్కా. ఒకే ఒక్క పువ్వు, గులాబీ రంగు.

పాలకొల్లు_పెరడు | మే 27

మొన్న ఆదివారం మట్టి పగిలింది. వేలంత మొగ్గ, దాని మీద గోధుమ రంగు పొర. ఇవాళ పొద్దున్నకి విచ్చుకుంది, కొబ్బరికాయంత ఎర్రటి బంతి. రెండో గడ్డకి పువ్వు రాలేదు, ఆకు మొలుస్తోంది. మాస్టారు గారూ, ఇది కూడా వచ్చే ఏడు పూస్తుందంటారా?

అమలాపురం_మాస్టారు | మే 27

పూస్తుంది. దెబ్బతిన్న గడ్డ ముందు ఆకుతో సత్తువ కూడగట్టుకుంటుంది. ఆ ఆకుని దసరా దాటేదాకా పచ్చగా ఉంచండి. ఆ తర్వాత అది పసుపు తిరిగితే కత్తిరించకండి, దానంతట అదే పడనివ్వండి. పడిన రోజు కుండీ మీద సుద్దతో పేరు రాసి పెట్టండి, సున్నాలు వేసేవాళ్ళకి కనిపించేలా.

పాలకొల్లు_పెరడు | మే 27

సుద్ద వానకి పోతుందని ఎర్ర పెయింటుతో ఇప్పుడే రాశాను మాస్టారూ. "అమ్మది, పారేయొద్దు" అని.